గోతిలో దింపబడిన యిర్మీయా

పాఠ్యభాగము: యిర్మీయా 37:11 – 38:13, 40:1–6

దేవుని తీర్పును గూర్చి మాటలాడునప్పుడు ఆ తీర్పు ఎప్పుడును పొరుగువాని గుమ్మమునొద్దకే పోవునట్లు మాటలాడుచుందుము. ప్రసంగపీఠముమీద నిలుచు మేమే ఈ విషయములో మొదటి దోషులము. యిర్మీయాకు అట్టి వసతి లేకపోయెను.

సిద్కియా ఏలుబడి 9వ ఏట పదియవ నెలలో బబులోను సైన్యము యెరూషలేమును ముట్టడించెను; అది క్రీ.పూ. 588 ప్రాంతము. ఐగుప్తు సైన్యము వచ్చుచున్నదని విని కల్దీయులు కొంతకాలము వెనుకకు తగ్గిరి. ఆ సందున ప్రవక్త బెన్యామీను దేశమునకు బయలుదేరగా, గుమ్మమునొద్ద కావలి అధిపతి పట్టుకొని, శత్రువులలో చేరబోవుచున్నాడని నేరము మోపెను. అధిపతులు ఆయనను కొట్టి చెరలో వేసిరి. ముట్టడిలోనున్న పట్టణమునకు లొంగిపొమ్మని బోధించినవాడు ద్రోహిగా కనబడుట వింత కాదు.

తరువాత రాజాజ్ఞచొప్పున, పట్టణములో రొట్టెలున్నంతవరకు రొట్టెలు కాల్చువారి వీధినుండి దినమునకొక రొట్టె ఆయనకు ఇయ్యబడెను. ఈ వచనమును మనము త్వరగా చదివి దాటిపోవుదుము. కరవు వచ్చునని చెప్పిన నోటికిని ఆ కరవులోని కొలత రొట్టెయే. ఏలీయాకు కాకోలములు ఆహారము తెచ్చెను; యిర్మీయాకు ఏ కాకోలమును రాలేదు.

అటుపిమ్మట గోతిలో దింపిరి. ఆ దేశపు గోతులు మన దిగుడు బావులవంటివి కావు. వాన నీరు నిలువచేయుటకు రాతిని తొలిచి, లోపల గచ్చు పూసినవి. అనేకమైనవాటికి మూతి ఇరుకు, అడుగు వెడల్పు. ఎక్కి వచ్చుటకు పట్టు దొరకదు. మల్కీయా గోతిలో నీటికి బదులు బురద యుండెను, ప్రవక్త అందులో కూరుకొనిపోయెను.

పైకి తీసినవాడెవడు? యాజకుడు కాడు, యూదుడును కాడు. రాజగృహములో పనిచేయు కూషీయుడైన ఎబెద్మెలెకు ధైర్యముతో రాజునొద్దకు పోయి, 30 మందిని వెంటబెట్టుకొని వచ్చెను. త్రాళ్లతోపాటు పాత చింకి బట్టలనుకూడ దింపి, చంకలక్రింద పెట్టుకొనుమనెను. ఆకలితో చిక్కిన దేహమును మోకు ఎట్లు కోయునో, పూడిక తీయుటకు బావిలో దిగినవారికి తెలియును. ఆయనకును అది తోచెను.

11వ ఏట నాలుగవ నెల 9వ దినమున ప్రాకారము పడగొట్టబడెను. రామాలో, చెరపట్టబడినవారి నడుమ సంకెళ్లతోనున్న యిర్మీయాను నెబూజరదాను విడిపించి, బబులోనుకు వచ్చినయెడల ఆదరింతునని చెప్పెను. చెప్పినదంతయు నెరవేరినది గనుక ప్రవక్త గౌరవముగా వెళ్లిపోవచ్చును. ఆయన వెళ్లలేదు. దేశములో మిగిలినవారు ఏమియు లేని బీదలు. మిస్పాలో గెదల్యాయొద్దకు పోయి వారి మధ్యనే నివసించెను.

గెదల్యా హతుడైన తరువాత ఆ జనులు భయపడి ఐగుప్తునకు పోదలచిరి. పోవద్దని ప్రవక్త దేవుని మాట చెప్పెను. అబద్ధమాడుచున్నావని వారు పలికి, ఆయననుకూడ తమతో తీసికొనిపోయిరి. తహపనేసులోనూ ఆయన వారికి ప్రవచించుచునే యుండెను.