ముందు ఇవి విను, తర్వాత పాడు

పెద్దారవీడు

మేనకోడలికి,

గిటారు నేర్చుకుని సొంతంగా పాటలు కడుతున్నావని చదివి ఎంతో సంతోషించానమ్మా. సినిమా పాటలు కాక ఇంకేం వినాలో చెప్పమన్నావు. మంచి స్టూడియో దొరికితే తప్ప పాట బయటికి తేలేనని కూడా రాశావు. రెంటికీ నా జవాబు ఒకటే. మాటలో బలం, గొంతులో నిజం ఉంటే పాట నిలబడుతుంది. కింద చెప్పేవన్నీ అలా నిలబడ్డవే.

మొదట ఎం.ఎస్. రామారావు గారి సుందరకాండ విను. గుడి మైకులో వస్తుంటే చాలాసార్లు వినే ఉంటావు. ఈసారి వేరే పని పెట్టుకోకుండా కూర్చుని మొత్తం విను. 1944లో వచ్చిన ‘తాసీల్దార్’ సినిమాలో పాడిన ఆయన్ని తెలుగులో తొలి నేపథ్య గాయకుడని చెబుతారు. అలాంటి మనిషి సినిమాలకు దూరమై, వాల్మీకి కథను తేట తెలుగులో తానే గేయంగా రాసి, తానే పాడారు. మీరిప్పుడు ‘ఇండీ’ అంటున్న పని ఆయన ఆనాడే చేశారు. అంత పొడుగు కథ విన్నా విసుగు పుట్టదెందుకో గమనించు. ప్రతి మాటా తెలుస్తుంది, కథ ఎక్కడా ఆగదు. నీ పాటలో గిటారు మాటను కప్పేస్తోందేమో ఒకసారి చూసుకో.

తర్వాత షేక్ నాజర్ గారి బుర్రకథ. పల్నాడు మనకు పొరుగే కాబట్టి ‘పల్నాటి యుద్ధం’తో మొదలుపెట్టు. కథకుడి భుజాన తంబుర, పక్కన ఇద్దరు వంతలు, వాళ్ల చేతుల్లో డక్కీలు. బృందమంతా అంతే. పాట మాటగా మారే చోట, మాట మళ్లీ పాటలోకి ఎక్కే చోట చెవి పెట్టు. ఆ విద్య ఏ స్టూడియోలోనూ దొరకదు.

నల్లమల దాటితే నాగర్‌కర్నూలు జిల్లా. గోరటి వెంకన్న గారు, దర్శనం మొగులయ్య గారు అక్కడివాళ్లే. పల్లె బతుకును పాటలో పెట్టడం వెంకన్న గారి దగ్గర నేర్చుకో. మొగులయ్య గారి పన్నెండు మెట్ల కిన్నెర 2021లో ‘భీమ్లా నాయక్’ పాటతో అందరికీ తెలిసింది, మరుసటి ఏడే పద్మశ్రీ వచ్చింది. నువ్వు సినిమాలోని ముక్కతో సరిపెట్టుకోకు. ఆయన పాడే పండుగ సాయన్న కథ వెతుక్కుని విను.

నీ వయసు వాళ్ల పాటల్లో చౌరస్తా బ్యాండు వాళ్ల ‘ఊరెళ్ళిపోతా మామ’ విను. మిరపకోతలకనీ కూలిపనులకనీ ఊళ్లు వదిలే మన పడమటి ప్రకాశం వాళ్లకు సొంతూరి మీద ఆ బెంగ కొత్తది కాదు.

ఇంగ్లీషులో రెండే చెబుతాను. నిక్ డ్రేక్ ‘పింక్ మూన్’ 1972లో వచ్చింది. రెండు రాత్రుల్లో రికార్డు చేశారు. ఒక గొంతు, ఒక గిటారు, ఒక్క పాటలో మాత్రం కాస్త పియానో. మొత్తం అరగంట కూడా ఉండదు. రెండోది బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ ‘నెబ్రాస్కా’, 1982 నాటిది. ఇంట్లో కూర్చుని నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డరు మీద పాడుకున్న పాటలవి. తర్వాత బ్యాండుతో వాయించి చూసినా ఆ జీవం రాలేదు. చివరికి క్యాసెట్టులో ఉన్నదాన్నే విడుదల చేశారు. ఆ రికార్డరు కంటే నీ చేతిలో ఉన్న ఫోను మెరుగైనది తల్లీ!

వినే పద్ధతి కూడా చెబుతాను. వారానికి ఒక్కటే పెట్టుకో. పాటలు దాటేసుకుంటూ పోవద్దు. నచ్చిన పాట మాటల్ని చేత్తో రాసుకో. ఎక్కడ ఊపిరి తీసుకున్నారో, ఎక్కడ వాయిద్యం ఆపారో గుర్తు పెట్టుకో.

పండక్కి ఊరికొచ్చినప్పుడు ఒక పని చెయ్యి. చెక్కభజన గురువుల దగ్గరా, కోలాటం పాటలు వచ్చిన పెద్దమ్మల దగ్గరా కూర్చుని, వాళ్లను అడిగి, ఒప్పుకుంటే రికార్డు చెయ్యి. పాట పక్కన వాళ్ల పేరూ, ఊరి పేరూ తప్పకుండా రాయి. ఈ పాటల్లో కొన్ని ఏ కంపెనీ రికార్డుల్లోనూ ఉండకపోవచ్చు. వాళ్లతోనే పోతే మళ్లీ రావు. నీ సొంత పాట కంటే ముందు ఈ పని మొదలుపెట్టమని నా కోరిక.

ఆశీస్సులతో,
మామయ్య