చూడ నేర్చిన కన్ను

ఉద్దేశం: ఔత్సాహికుల ఛాయాచిత్ర పోటీలు బహుమతులకే పరిమితం కాక చూపును ఎలా సంస్కరిస్తాయో తెలియజేయడం, ఇతరుల సృజనను సహృదయంతో ఆస్వాదించే అలవాటును విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

కన్నులున్న ప్రతివారూ చూస్తారు. కాని చూచినదానిలోని విశేషాన్ని గుర్తించగలవారు కొందరే. గోడ మీది నీడ, వానకు తడిసిన వీధి, ఆకాశంలో మబ్బు నిత్యం మన కంటబడుతూనే ఉంటాయి. వాటి అందాన్ని పట్టి నిలపడానికి పందొమ్మిదో శతాబ్దం మానవునికి కెమెరా అనే కొత్త సాధనాన్ని ప్రసాదించింది. ఫ్రాన్సు దేశస్థుడైన లూయీ డాగేర్ రూపొందించిన ఛాయాచిత్రణ విధానం 1839లో లోకానికి వెల్లడైంది. తొలినాళ్లలో ఈ కళను అభ్యసించేవారు బరువైన పెట్టెలను, పలకలను, రసాయనాలను మోసుకొని తిరగవలసి వచ్చేది. 1888లో అమెరికాలో జార్జి ఈస్ట్‌మన్ కొడాక్ కెమెరాను విపణిలోకి తేవడంతో అది సామాన్యులకు చేరువైంది. నేడు సెల్‌ఫోను గలవారందరి చేతిలోనూ కెమెరా ఉన్నట్లే. అయితే యంత్రం సులభమైనంత మాత్రాన చూపు సులభం కాలేదు.

జీవనోపాధి కోసం కాక, కేవలం అభిరుచితో ఒక కళను సాధన చేసేవారిని ఔత్సాహికులు అంటాం. ఔత్సాహికుడంటే నేర్పు తక్కువైనవాడని అర్థం కాదు. ఆంగ్లంలోని ‘అమెచ్యూర్’ అనే పదానికి మూలం ప్రేమించడం అనే అర్థమిచ్చే లాటిన్ ధాతువు. హైదరాబాదులో ఆరవ నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడిగా ప్రఖ్యాతి గాంచిన రాజా దీన్‌దయాళ్ సైతం ఇందూరులో ప్రభుత్వోద్యోగం చేస్తూ, 1874 ప్రాంతంలో అభిరుచితోనే కెమెరా చేతబట్టారు. ప్రేమ నుంచి పుట్టిన సాధన ఎంత దూరం తీసుకొనిపోగలదో చెప్పడానికి ఆయన జీవితమే నిదర్శనం.

ఔత్సాహికుల పోటీలు కళాకారుని జీవితంలో ఎటువంటి పాత్ర వహిస్తాయో తెలుసుకోవాలంటే ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ (1864-1946) చరిత్రను పరిశీలించాలి. అమెరికాలో జన్మించిన ఈయన ఇంజనీరింగు చదువుకోసం బెర్లిన్ వెళ్లి, అక్కడ ఛాయాచిత్ర రసాయనశాస్త్రం పట్ల ఆకర్షితుడయ్యాడు. 1887లో ఇటలీలో పర్యటిస్తూ బెల్లాజియో అనే ఊరిలో నవ్వుల్లో మునిగి ఉన్న కొందరు గ్రామీణుల చిత్రాన్ని తీశాడు. ‘అమెచ్యూర్ ఫొటోగ్రాఫర్’ అనే లండన్ పత్రిక నిర్వహించిన పోటీకి దానిని పంపగా ప్రథమ బహుమతి లభించింది. ఆ బహుమతి ఒక వెండి పతకం, రెండు గినీల సొమ్ము.

ఆ పోటీ న్యాయనిర్ణేత పీటర్ హెన్రీ ఎమర్సన్. మనుషులను బొమ్మల్లా నిలబెట్టి, అనేక చిత్రాలను అతికి ఒక్కటిగా కూర్చే పద్ధతికి నాడు ఎంతో ఆదరణ ఉండేది. ఎమర్సన్ మాత్రం సహజత్వమే ఛాయాచిత్రానికి ప్రాణమని నమ్మినవాడు. పేరులేని ఒక విద్యార్థి పంపిన చిత్రంలో ఆ సహజత్వాన్ని గుర్తించాడు. తీసినవానికి చూపు ఉంది; నిర్ణయించినవానికీ చూపు ఉంది. ఈ రెండు చూపుల కలయికే ఆ బహుమతి.

కాని అన్ని చూపులూ అలా కలవవు. స్టీగ్లిట్జ్ న్యూయార్కుకు తిరిగి వచ్చిన తర్వాత, 1893 ఫిబ్రవరి 22న ఆ నగరంలో భీకరమైన మంచు తుఫాను వీచింది. చేతిలో పట్టుకొని తీసే చిన్న కెమెరాతో ఆయన ఫిఫ్త్ అవెన్యూ అనే వీధిలో తగిన క్షణం కోసం మూడు గంటలపాటు నిలబడ్డాడు. మంచును చీల్చుకొంటూ ఒక గుర్రపుబండి ఎదురుగా వచ్చిన క్షణాన్ని పట్టుకొన్నాడు. ఆ నెగెటివ్‌ను చూసిన తోటి ఔత్సాహికులు, అది మసకగా ఉందని, పారవేయమని పరిహసించారట. ఆయన వారి మాట విని ఉంటే ఒక గొప్ప చిత్రం లోకానికి దక్కేది కాదు. అయితే ఆయన కేవలం పట్టుదలతో ఊరకుండలేదు. తన నెగెటివ్‌ను తానే నిశితంగా పరిశీలించి, అనవసరమైన భాగాలను తొలగించి, బండికి, మంచుకు ప్రాధాన్యం దక్కేటట్లు ముద్రించాడు. పరిహాసానికి ఆయన ఇచ్చిన సమాధానం వాదన కాదు, మెరుగుపరచిన చిత్రం.

ఒకే కళాకారుని కృషిని ఒకరు గుర్తించడానికి, మరికొందరు గుర్తించలేకపోవడానికి కారణమేమిటి? ఈ ప్రశ్నకు మన అలంకార శాస్త్రంలో చక్కని సమాధానం ఉంది. ‘కావ్యమీమాంస’ కర్త రాజశేఖరుడు ప్రతిభను రెండు విధాలుగా విభజించాడు. సృష్టించే శక్తి కారయిత్రి. ఆస్వాదించే శక్తి భావయిత్రి. ఆస్వాదించే భావకులలోనూ ఆయన నాలుగు రకాలవారిని పేర్కొన్నాడు. ఏదీ రుచించనివాడు అరోచకి. గడ్డీ గాదమూ అనక అన్నింటినీ మెచ్చేవాడు సతృణాభ్యవహారి. అసూయతో గుణాన్ని మరుగుపరిచేవాడు మత్సరి. పక్షపాతం లేక సారాన్ని గ్రహించేవాడు తత్త్వాభినివేశి. కావ్యం కోసం చెప్పిన ఈ విభాగం ఛాయాచిత్ర పోటీలకూ అక్షరాలా వర్తిస్తుంది. పోటీలో పాల్గొన్న విద్యార్థి తనకు బహుమతి రానప్పుడు మత్సరిగా మారే ప్రమాదం ఉంది. మిత్రుని చిత్రం కనుక బాగుందనడం సతృణాభ్యవహారి లక్షణం. గెలిచిన చిత్రం ముందు నిలబడి, వెలుగు ఎటునుంచి వచ్చింది, దేనిని చేర్చారు, దేనిని వదిలారు, ఆ క్షణాన్నే ఎందుకు ఎన్నుకొన్నారు అని ప్రశ్నించుకొన్నవాడు తత్త్వాభినివేశి కాగలడు. అతడు ఓడినా పోటీ నుంచి రిక్తహస్తాలతో తిరిగిరాడు.

స్టీగ్లిట్జ్ జీవితంలోని మరొక ఘట్టం ఈ సత్యాన్ని బలపరుస్తుంది. తన ఎదుట కూర్చున్న వ్యక్తులపై ఆయనకు గల ప్రభావమే ఆయన చిత్రాల బలానికి కారణమని ఒక రచయిత వ్యాఖ్యానించాడు. దానికి బదులుగా 1922 నుంచి ఆయన మబ్బులను చిత్రించసాగాడు. మబ్బులపై ఎవరి ప్రభావమూ పనిచేయదు, అవి అందరివీ. అందరికీ కనబడే మబ్బులలోనే ఆయన తన అంతరంగ భావాలకు సమానమైన రూపాలను దర్శించాడు. వాటికి ‘ఈక్వివలెంట్స్’ అని, అంటే సమానకాలు అని పేరు పెట్టాడు. వస్తువు అరుదైనది కానక్కరలేదు, చూపు తనదైతే చాలునని ఈ చిత్రాలు నిరూపించాయి.

కాబట్టి ఖరీదైన కెమెరా లేదని, చూడదగిన ప్రదేశాలకు వెళ్లలేదని విద్యార్థులు నిరాశ చెందనవసరం లేదు. కళాశాల ఆవరణలోని చెట్టునీడ, బస్సు కోసం ఎదురుచూసే ముఖాలు, అమ్మ చేతుల్లోని చేట, ఇవన్నీ చిత్రానికి యోగ్యమైన వస్తువులే. మీటను నొక్కే ముందు ఒక్క క్షణం ఆగి చూడడం మొదటి పాఠం. ఇతరుల చిత్రాన్ని తీసివేసే ముందు మరొక్క క్షణం ఆగి చూడడం రెండవ పాఠం. పతకం ఒక్కరినే వరిస్తుంది. చూపు మాత్రం సాధన చేసిన అందరికీ దక్కుతుంది.

కఠిన పదాలు - అర్థాలు
విపణి: అంగడి
నిదర్శనం: ఉదాహరణ
నిశితంగా: సూక్ష్మంగా
భావకుడు: ఆస్వాదించేవాడు
రిక్తహస్తాలు: వట్టి చేతులు

ప్రశ్నలు
1. స్టీగ్లిట్జ్ జీవితంలోని మూడు ఘట్టాల ద్వారా పాఠం చెప్పదలచిన విషయాన్ని వివరించండి.
2. రాజశేఖరుడు పేర్కొన్న నాలుగు రకాల భావకులను గురించి సంగ్రహంగా రాయండి.
3. తోటివారి పరిహాసానికి స్టీగ్లిట్జ్ ఏ విధంగా సమాధానమిచ్చాడు?
4. ‘అమెచ్యూర్’ అనే పదానికి మూలమైన ధాతువు అర్థమేమిటి?