గెలుస్తానంది, గెలుస్తావంది, గెలుస్తుందంది

విశాఖపట్నం

చిరంజీవి అమ్మలుకి,

ఒకరోజు అమ్మ ఆఫీసు నుంచి ఫోన్ చేసి "ఆరింటికి వస్తాను" అంది. ఆ మాటే అమ్మలు పక్కింటి బెంగాలీ పిన్ని కాకీమాకి ఇంగ్లీషులో చేరవేసింది: "మదర్ సెడ్ దట్ ఐ విల్ కమ్ ఎట్ సిక్స్." అమ్మలే తన ఇంటికి వస్తుందనుకుని కాకీమా ఆరింటికి టీ పెట్టి కూర్చుంది. మాటలన్నీ సరైనవే. అయినా మనిషి మారిపోయింది.

ఈ పొరపాటు తెలివితక్కువతనం వల్ల వచ్చింది కాదు. తెలుగు ఇల్లు నేర్పిన పద్ధతి అది. "అమ్మ ఆరింటికి వస్తానని అంది" అన్నప్పుడు, చెబుతున్నది అమ్మలే అయినా ఆ "వస్తాను" అమ్మదే. తెలుగు భాష అమ్మ మాటను అమ్మ నోటి నుంచి వచ్చినట్టే ఉంచి, చివర "అని" ముడి వేస్తుంది. ఇంగ్లీషులో కబురు చెప్పే మనిషి తను నిలబడ్డ చోటి నుంచే అందరినీ చూడాలి. అక్కడి నుంచి చూస్తే అమ్మ "ఐ" కాదు, "షీ". అమ్మ ఫోన్ చేయడం అయిపోయిన సంగతి కాబట్టి "విల్" కూడా వెనక్కి జరిగి "వుడ్" అవుతుంది. "మదర్ సెడ్ షీ వుడ్ కమ్ ఎట్ సిక్స్." సర్వనామం ఒక అడుగు, సహాయక క్రియ ఒక అడుగు. ఉపవాక్యంలో ఈ రెండు అడుగులూ కలిసి పడాలి.

తెలుగు ఈ విషయంలో ఎంత నిక్కచ్చిగా ఉంటుందో ఒక ఆటల పోటీలో చూడవచ్చు. సీత, రాధ మాట్లాడుకుంటున్నారు. "గెలుస్తానని సీత రాధతో అంది" అంటే గెలిచేది సీత. "గెలుస్తావని" అంటే రాధ. "గెలుస్తుందని" అంటే అక్కడ లేని మూడో అమ్మాయి. క్రియ చివరి అక్షరమే మనిషిని చూపించేస్తుంది. ఇంగ్లీషులో ఈ మూడింటికీ ఒకటే వాక్యం: "సీత టోల్డ్ రాధ దట్ షీ వుడ్ విన్." ఆ "షీ" ఎవరు? వాక్యం చెప్పదు, ముందూ వెనకా జరిగిన మాటలను బట్టి పోల్చుకోవాలి. అందుకే జాగ్రత్తగా రాసేవాళ్లు ఇలాంటి చోట వాక్యాన్నే మార్చేస్తారు. "సీత ఎక్స్‌పెక్టెడ్ రాధ టు విన్" అంటే అనుమానానికి తావు లేదు. లేదంటే సీత మాటను కొటేషన్ గుర్తుల మధ్య ఉన్నదున్నట్టు పెట్టేస్తారు.

రెండు భాషల మధ్య ఇలా నిలబడి ఆలోచించిన వాళ్లకి అమ్మలు ఉంటున్న కలకత్తా పాత చిరునామా. విలియం కేరీ 1793లో బెంగాల్ వచ్చాడు. 1800లో మొదలైన ఫోర్ట్ విలియం కళాశాలలో భాషలు బోధించాడు. హుగ్లీ ఒడ్డున శ్రీరాంపూర్‌లో 1814లో ఇంగ్లీషులో ఒక తెలుగు వ్యాకరణం అచ్చు వేయించాడు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798లో కలకత్తాలోనే పుట్టాడు. ఆయన తండ్రి డేవిడ్ బ్రౌన్ ఆ కళాశాలలో పెద్ద పదవిలో పనిచేశాడు. కొడుకు 1817లో మద్రాసు చేరి తెలుగు నేర్చుకున్నాడు, 1820లో కడపలో ఉద్యోగంలో చేరాడు, 1840లో తెలుగు వ్యాకరణం ప్రకటించాడు. ఇంగ్లీషు మాట్లాడుతూ పెరిగిన మనిషి "హూ" అనే మాటకు తెలుగులో జోడీ కోసం వెతికితే నాలుక మీదకు వచ్చేది దొరకదు. అమ్మలు ఇవాళ దాటుతున్న వంతెననే బ్రౌన్ అవతలి ఒడ్డు నుంచి దాటాడు.

ఆ "హూ" సంగతి కాస్త నిదానంగా చూడాలి. "నిన్న వచ్చిన అబ్బాయి" అంటాం. క్రియ "వచ్చిన"గా మారి పేరుకు ముందు కూర్చుంటుంది, సర్వనామం అక్కర్లేదు. ఇంగ్లీషులో పేరు ముందు వస్తుంది, దాని వెనక "హూ" తలుపు తెరుస్తుంది: "ద బాయ్ హూ కేమ్ యెస్టర్‌డే." అమ్మలు స్నేహితులు మాట్లాడే బెంగాలీ దారి మరొకటి: "జే ఛేలేటా కాల్ ఎషేఛిలో, షే ఆమార్ బొంధు." అక్కడ "జే" తెరిచిన తలుపును "షే" వచ్చి మూస్తుంది. ఆ అలవాటు ఇంగ్లీషులోకి వస్తే "ద బాయ్ హూ కేమ్ యెస్టర్‌డే, హీ ఈజ్ మై ఫ్రెండ్" అవుతుంది. ఆ "హీ" తీసేయాలి. "హూ" ఉపవాక్యాన్ని మోస్తోంది, "బాయ్" అసలు వాక్యాన్ని మోస్తోంది. మూడో మనిషికి పని లేదు. "ద బుక్ దట్ ఐ బాట్ ఇట్" అనేదానిలో చివరి "ఇట్"ది కూడా అదే కథ.

కబుర్లు చెప్పేటప్పుడు మాత్రం బెంగాలీ అక్కరకొస్తుంది. "మా బొలేఛే ఛొటాయ్ ఆష్‌బే" (అమ్మ ఆరింటికి వస్తుందని చెప్పింది) అన్నప్పుడు అమ్మలు "ఆష్‌బో" (వస్తాను) అనదు. అంటే "నేను" అప్పుడే "ఆమె"గా మారిపోయింది. ఇంగ్లీషు సర్వనామం కోసం ఆ వాక్యం తలుచుకుంటే చాలు. "వుడ్" మాత్రం అందులోనూ లేదు, తెలుగులోనూ లేదు. దాన్ని విడిగా నేర్చుకోవాల్సిందే.

నేర్చుకోవాల్సిన జతలు కొన్నే. "విల్" వెనక్కి జరిగితే "వుడ్", "కెన్" జరిగితే "కుడ్", "మే" జరిగితే "మైట్." "షుడ్" కదలదు. "మస్ట్" కొన్నిసార్లు అలాగే ఉంటుంది, తప్పనిసరి పని అయితే "హ్యాడ్ టు" అవుతుంది. కబురు ఇప్పుడే చెబుతున్నట్టయితే ఈ జరుగుడే లేదు: "మదర్ సేస్ షీ విల్ కమ్." "సేస్" వర్తమానం కదా, "విల్" తన చోటే ఉంటుంది.

"మస్ట్"లో ఇంకో మెలిక ఉంది. "షీ మస్ట్ గో" అంటే వెళ్లాలి. "ఐ థింక్ షీ మస్ట్ బీ ఎట్ హోమ్" అంటే మాత్రం ఇంట్లో ఉండాలని ఆజ్ఞ కాదు, ఇంట్లోనే ఉండి ఉంటుందని ఊహ. తెలుగు "వచ్చు" కూడా రెండు పనులు చేస్తుంది. "వాన పడవచ్చు" అనేది ఊహ, "లోపలికి రావచ్చు" అనేది అనుమతి. ఇంగ్లీషు "మే" కూడా ఈ రెండూ చేస్తుంది, కాబట్టి అక్కడ అమ్మలుకి కొత్తేమీ లేదు.

"ఇఫ్" దగ్గర తెలుగే గురువు. "రేపు వాన పడితే రైలు ఆలస్యం కావచ్చు." ఆ "పడితే"లో భవిష్యత్తు గుర్తు ఏదీ లేదు. ఇంగ్లీషు కూడా అక్కడ "విల్" పెట్టదు: "ఇఫ్ ఇట్ రెయిన్స్ టుమారో, ద ట్రెయిన్ మే బీ లేట్." "ఇఫ్ ఇట్ విల్ రెయిన్" అని రాయబోతున్నప్పుడు ఒక్కసారి "పడితే" అనుకుంటే చెయ్యి ఆగుతుంది.

హౌరా స్టేషన్‌లో దారి అడగాల్సి వస్తే ఇంకొకటి గుర్తుండాలి. "వేర్ ఈజ్ ద టికెట్ కౌంటర్?" అనేది నేరుగా అడిగే ప్రశ్న. ముందు "కుడ్ యు టెల్ మీ" చేర్చితే అది ఉపవాక్యంలోకి వెళ్లి వరస మార్చుకుంటుంది: "కుడ్ యు టెల్ మీ వేర్ ద టికెట్ కౌంటర్ ఈజ్?" ఈ "కుడ్" జరిగిపోయిన కాలానిది కాదు, మర్యాదది. పెద్దవాళ్లని "చెబుతారా" అని అడగడం లాంటిది.

అమ్మలుకి ఒక పని. అమ్మలు ఉండే గార్డెన్ రీచ్ రైల్వే క్వార్టర్స్‌లో తెలుగు, బెంగాలీ, హిందీ ఒకే మెట్ల మీద వినిపిస్తాయి. ఈ వారం అక్కడ విన్న కబుర్లు పది ఎంచుకుని, ఎవరు ఎవరితో ఏమన్నారో మొదట తెలుగులో, కింద ఇంగ్లీషులో రాయాలి. ప్రతి "హీ", "షీ" పక్కన ఆ మనిషి ఎవరో పెన్సిల్‌తో పేరు రాయాలి. పేరు రాయడానికి చెయ్యి తడబడిన చోట వాక్యం మార్చాలి. కాగితం పంపితే తాతయ్య చూసి తిరుగు టపాలో వేస్తాడు. కాకీమాకి ఆరోజు టీ సంగతి చెప్పే వాక్యం మాత్రం అందులో మొదటిది కావాలి.

ఆశీస్సులతో,
తాతయ్య