కుంచం ఎందుకు కుదేస్తారు?

మా అమ్మమ్మ సంతలో చోళ్లు అమ్మేటప్పుడు షావుకారు కుంచం నింపి నేలకేసి నాలుగుసార్లు కుదేస్తాడు. గింజలు దిగిపోతాయి. పైన ఇంకో రెండు దోసిళ్లు పోయించుకుంటాడు. అదే ఆయన దగ్గర మేం బియ్యం కొంటే కుదేయడు! "గింజలు అలిసిపోయి కూర్చుంటాయే" అని అమ్మమ్మ నవ్వేస్తుంది. మా ఇంట్లో బడికొచ్చిన మొదటిదాన్ని నేనే. నాకు నవ్వు రాలేదు.

పోయిన ఆదివారం ఇక్కడ పాయకరావుపేట హాస్టల్లో వంట అక్కనడిగి గాజు గ్లాసు నిండా బియ్యం తీసుకున్నా. బల్లకేసి కొట్టా. మొదటి పది దెబ్బలకి అర వేలు మందం దిగాయి. తరవాతి పదికి గీతంత. ఆ మీద యాభై కొట్టినా దిగాయో లేదో తెలీలేదు. చప్పుడుకి వార్డెన్ మేడమ్ గారు వచ్చేశారు, అక్కడితో ఆపా.

సంగతేంటంటే, గింజలు వరసగా ఉండవు, గజిబిజిగా పడతాయి. ఒక్కోటి ఒక్కో గుంటలో ఇరుక్కుంటుంది. కింద ఖాళీ ఉన్నా, అందులోకి జారాలంటే ముందు పక్కవాటిని కాస్త నెట్టి గట్టు దాటాలి. ఈ గట్టునే శక్తి అవరోధం అంటారు. దాటే శక్తి దెబ్బ ఇస్తుంది. చిన్న గట్టున్నవి ముందే దాటేస్తాయి. మిగిలినవన్నీ పెద్ద గట్ల వెనకవే, అందుకే రానురాను ఆలస్యం. 1995లో అమెరికాలోని చికాగో విశ్వవిద్యాలయం వాళ్లు గొట్టంలో గాజు పూసలు పోసి వేలసార్లు కుదిపారు. అప్పటికీ కొంచెం కొంచెం సర్దుకుంటూనే ఉన్నాయట.

అణువుల్ని ఎవరూ కుదేయక్కర్లేదు. వేడే వాటిని ఎప్పుడూ కుదుపుతుంది. (గింజ చాలా పెద్దది, దానికి ఆ వేడి చాలదు.) వేడి పెరిగితే రసాయన చర్యలు ఎందుకు త్వరపడతాయో స్వీడన్ శాస్త్రవేత్త అర్హీనియస్ 1889లో ఈ గట్టుతోనే చెప్పాడు. అలా కుదుపుతింటున్న కణం గట్టు దాటడానికి ఎంతసేపు పడుతుందో హాలండ్ శాస్త్రవేత్త క్రామర్స్ 1940లో లెక్క కట్టాడు. గట్టు కొంచెం పెరిగినా సమయం చాలా రెట్లు పెరుగుతుంది. దండెం మీద మన లంగాలు నీళ్లు మరక్కుండానే ఆరిపోతాయి గదా, అదీ ఇలాంటిదే. ఎక్కువ శక్తి దొరికిన నీటి అణువులు ముందు తప్పించుకుంటాయి.

చోళ్లు ఇంట్లోనే కుదేసి తీసుకెళ్దామా అనుకున్నా. లాభం లేదు. కుంచంలో పోయగానే మళ్లీ గజిబిజే. దసరా సెలవులకి వెళ్లినప్పుడు అమ్మమ్మని తూకానికే అమ్మమంటా. ఎన్నిసార్లు కుదేసినా బరువు మారదు.