సరిహద్దులు దాటిన ఊయల

పాఠ్యభాగ ఉద్దేశం

యుద్ధాలు, కరవులు, భూకంపాలు, పేదరికం మొదట బలిగొనేది పసిపిల్లలనే. దిక్కులేని పిల్లలను ఆదుకోవడానికి ప్రపంచదేశాలు చేసిన కృషిని, ఆ కృషిలో చోటుచేసుకున్న అన్యాయాలను, వాటిని అరికట్టడానికి ఏర్పడిన చట్టాలను తెలియజేయడం, దానికీ దయకూ నడుమ ఉండవలసిన వివేకాన్ని విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

మహాభారతంలో కర్ణుని కథ తెలియని తెలుగువారుండరు. లోకాపవాదానికి వెరచి కుంతి తన పసికందును పెట్టెలో ఉంచి నదిలో విడిచింది. సూతుడైన అధిరథుడు ఆ బిడ్డను ఇంటికి తెచ్చాడు. అతని భార్య రాధ అక్కున చేర్చుకొంది. ఆనాటి నుండి ఆ బిడ్డ రాధేయుడయ్యాడు. ఉద్యోగపర్వంలో మొదట శ్రీకృష్ణుడు, ఆ తరువాత కుంతి వచ్చి జన్మరహస్యం చెప్పినప్పుడు, రాజ్యం చేతికందుతుందని తెలిసి కూడ కర్ణుడు పెంచిన తల్లిదండ్రులను కాదనలేదు. పెంపకపు గొప్పతనానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు. అయితే ఆ కథలోనే మరొక సత్యం దాగి ఉంది. కుమారాస్త్రవిద్యా ప్రదర్శన సమయంలో కులగోత్రాలు అడిగినప్పుడు ఆ మహావీరుడు తల వంచుకోవలసి వచ్చింది. రాధ ప్రేమ అతనికి ఏ లోటూ చేయలేదు. కాని తానెవరో తెలియని వెలితిని ఆ ప్రేమ పూడ్చలేకపోయింది. పెంచిన ప్రేమ గొప్పది, పుట్టుక తెలుసుకోవాలనే తపన కూడ అంతే బలమైనది. నేటి దత్తత విధానమంతా ఈ రెండు సత్యాల నడుమనే నడుస్తున్నది.

దత్తత మన దేశానికి కొత్త కాదు. ధర్మశాస్త్రాలు చెప్పిన పన్నెండు విధాల పుత్రులలో దత్తుడు ఒకడు. అయితే ఆనాటి దత్తతకు ప్రధానమైన ప్రయోజనం వంశం నిలవడం, పితృకార్యాలు జరగడం, ఆస్తికి వారసుడు దొరకడం. అందుచేతనే దత్తత అంటే మగపిల్లవానినే తీసుకొనేవారు. 1956లో వచ్చిన హిందూ దత్తత, మనోవర్తి చట్టం ఆడపిల్లను దత్తత తీసుకోవడానికి, స్త్రీ తానై దత్తత తీసుకోవడానికి వీలు కల్పించింది. ఆ తరువాతి కాలంలో దత్తత అనే భావనే మారిపోయింది. బిడ్డలు లేని ఇంటికి బిడ్డను వెదకి ఇవ్వడం పాత దత్తత. ఇల్లులేని బిడ్డకు తగిన ఇంటిని వెదకి ఇవ్వడం నేటి దత్తత. చూడడానికి రెండూ ఒకటిగానే కనిపిస్తాయి. కాని మొదటిదానిలో పెద్దల కోరిక ముఖ్యం, రెండవదానిలో బిడ్డ మేలు ముఖ్యం. ఈ భేదాన్ని మరచిన చోటనల్లా దత్తత వ్యాపారంగా మారింది.

దేశాల హద్దులు దాటి పిల్లలను ఆదుకోవాలనే ఆలోచన మొదటి ప్రపంచయుద్ధానంతరం బలపడింది. యుద్ధంలో ఓడిన జర్మనీ, ఆస్ట్రియా దేశాల పిల్లలు ఆకలితో అలమటిస్తుంటే, విజేత దేశమైన ఇంగ్లండులో ఎగ్లాంటైన్ జెబ్ అనే మహిళ వారి కోసం 1919లో 'సేవ్ ది చిల్డ్రన్' సంస్థను స్థాపించింది. శత్రువుల పిల్లలకు అన్నం పెట్టడమేమిటని ఆక్షేపించినవారు లేకపోలేదు. ఆకలిగొన్న బిడ్డకు శత్రుత్వం అంటగట్టరాదని ఆమె నమ్మింది. ఆమె రూపొందించిన బాలల హక్కుల ప్రకటనను 1924లో నానాజాతి సమితి ఆమోదించింది. రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన పిదప, 1946లో ఐక్యరాజ్యసమితి బాలల నిధి, అనగా యునిసెఫ్ ఏర్పడింది.

ఆ రెండవ యుద్ధకాలంలో భారతదేశపు గడ్డ మీద జరిగిన ఒక సేవ చిరస్మరణీయమైనది. 1939లో సోవియట్ సేనలు తూర్పు పోలెండును ఆక్రమించి, లక్షలాది ప్రజలను సైబీరియా, కజకిస్తాన్ ప్రాంతాలకు తరలించాయి. చలికి, ఆకలికి, రోగాలకు ఎందరో మరణించారు. తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లలు దిక్కులేనివారైనారు. 1941లో జర్మనీ సోవియట్ యూనియన్‌పై దండెత్తిన తరువాత వారికి ఆ దేశం విడిచి వెళ్లే అవకాశం కలిగింది. కాని వెళ్లడానికి చోటేది? అప్పుడు నవానగర్ సంస్థానాధిపతి జామ్ సాహెబ్ దిగ్విజయ్ సింహ్‌జీ వారికి ఆశ్రయమిచ్చాడు. జామ్‌నగర్ సమీపంలో సముద్రతీరాన ఉన్న బాలాచడిలో 1942లో వారి కోసం శిబిరం వెలసింది. వందలాది పోలిష్ పిల్లలు 1946 వరకు అక్కడ పెరిగారు. మీరు అనాథలు కారు, మీకు నేను తండ్రిని అని ఆయన వారిని ఓదార్చాడట. పిల్లలు ఆయనను బాపూ అని పిలిచారు.

ఇక్కడ గమనింపదగిన విశేషం ఒకటుంది. ఆయన ఆ పిల్లలను తన మతంలోకో, తన భాషలోకో మార్చాలని చూడలేదు. శిబిరంలో వారికి పోలిష్ భాషలోనే చదువు చెప్పించారు. వారి పండుగలు, వారి ప్రార్థనలు, వారి పాటలు వారికే ఉన్నాయి. ఎప్పటికైనా తమ జాతిలో కలిసే పిల్లలుగానే వారు పెరిగారు. పరోపకారం చేసినవాడు ఉపకారం పొందినవారి పేరును, భాషను, జ్ఞాపకాన్ని కూడ కాపాడాడు. అందువల్లనే ఆయన 1966లో మరణించినా, పోలెండు ప్రజలు మరువలేదు. వార్సా నగరంలో 'మంచి మహారాజు' పేరిట ఒక కూడలి ఉంది.

బాలాచడిలో జరిగినది మానవతా సహాయం. అంతర్జాతీయ దత్తత దానికంటె భిన్నమైనది. సహాయం బిడ్డ ఉన్నచోటికి వస్తుంది, లేదా ఆపద తీరేదాక నీడనిస్తుంది. దత్తత బిడ్డకు కొత్త తల్లిదండ్రులను, కొత్త దేశాన్ని, కొత్త పేరును శాశ్వతంగా ఇస్తుంది. అందుచేత దానిలో పొరపాటు జరిగితే దిద్దుకోవడం కష్టం.

విదేశీ దత్తతలు పెద్దయెత్తున సాగింది కొరియా యుద్ధానంతరం. 1953లో యుద్ధం ఆగేనాటికి ఆ దేశం శిథిలమై ఉంది. అమెరికాకు చెందిన హోల్ట్ దంపతులు 1955లో ఎనిమిదిమంది కొరియా పిల్లలను దత్తత తీసుకొన్నారు. దాని కోసం అమెరికా కాంగ్రెసు ప్రత్యేక చట్టం చేయవలసి వచ్చింది. దయతో మొదలైన ఆ మార్గంలో తరువాతి దశాబ్దాలలో లక్షన్నరకు పైగా కొరియా పిల్లలు పాశ్చాత్య దేశాలకు చేరారు. వారిలో ఎందరో ప్రేమగల ఇళ్లలో పెరిగి, ప్రయోజకులైనారు. కాని యుద్ధపు గాయాలు మానిన తరువాత కూడ ఆ ప్రవాహం ఆగలేదు. పెద్దవారైన పిల్లలు తమ పుట్టుక కోసం వెదుకుతూ వచ్చినప్పుడు, తల్లిదండ్రులు బ్రతికి ఉండగానే తాము అనాథలుగా నమోదైన సంగతి కొందరికి తెలిసింది. 2025లో ఆ దేశపు సత్యశోధన కమిషన్, దత్తత పేరిట మానవహక్కుల ఉల్లంఘన జరిగిందని, దానికి ప్రభుత్వం బాధ్యత వహించాలని తేల్చి చెప్పింది.

తొందరపాటు ఎంత ప్రమాదకరమో 1975లో వియత్నాంలో కూడ వెల్లడైంది. సైగాన్ నగరం పతనమయ్యే ముందు అమెరికా ప్రభుత్వం 'ఆపరేషన్ బేబీలిఫ్ట్' పేరుతో రెండువేలకు పైగా పిల్లలను విమానాలలో తరలించింది. ఏప్రిల్ 4వ తేదీన బయలుదేరిన మొదటి సైనిక విమానం కూలి, డెబ్బైమందికి పైగా పసిపిల్లలు మరణించారు. గమ్యం చేరిన పిల్లలలో కొందరు అనాథలు కారని, వారిని తిరిగి కన్నవారికి అప్పగించాలని అమెరికా న్యాయస్థానంలోనే వ్యాజ్యం నడిచింది. ప్రాణాపాయం నుండి బిడ్డను తప్పించడం అత్యవసరమే. కాని తప్పించడం వేరు, ఎప్పటికీ తీసుకొనిపోవడం వేరు.

అసలు అనాథ ఎవరు? అనాథ అనగానే తల్లీ తండ్రీ ఇద్దరూ లేని బిడ్డ మన మనసులో మెదలుతుంది. యునిసెఫ్ లెక్కలో ఒకరిని కోల్పోయినా అనాథయే. 2015 నాటి అంచనా ప్రకారం ప్రపంచంలో అటువంటి పిల్లలు సుమారు 14 కోట్లు. వారిలో ఇద్దరినీ కోల్పోయినవారు సుమారు 1.5 కోట్లు మాత్రమే. అనగా పదిమందిలో తొమ్మిదిమందికి తల్లియో తండ్రియో ఉన్నారు. వారికి కావలసింది కొత్త తల్లి కాదు, ఉన్న తల్లికి చేయూత. పేదరికం తల్లి నుండి బిడ్డను వేరుచేయడానికి కారణం కారాదు.

ఈ మాటలోని నిజం తెలుగునేల మీద చేదు అనుభవంగా రుజువైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లోను, 2001లోను బయటపడిన దత్తత కుంభకోణాలు దేశాన్ని నివ్వెరపరచాయి. నల్గొండ తదితర జిల్లాల లంబాడా తండాలలో, వరకట్నానికి జడిసి ఆడపిల్లను భారంగా తలచే పేద కుటుంబాలను మధ్యవర్తులు ఆశ్రయించారు. స్వల్పమైన సొమ్ము చేతిలో పెట్టి శిశువులను సేకరించారు. చదువురాని తల్లులు ఇష్టపూర్వకంగా బిడ్డను వదులుకున్నట్లు పత్రాలు పుట్టించారు. విదేశీ దంపతులు చెల్లించే మొత్తానికి, ఆ తల్లికి దక్కిన దానికి పోలికే లేదు. దత్తత తీసుకోవడానికి వచ్చిన విదేశీయులు చాలామంది మంచివారే. బిడ్డ తమ చేతికి ఎలా వచ్చిందో వారికి తెలియదు. కొనేవాడు లేనిదే అమ్మేవాడు లేడన్నట్లు, వారి డబ్బే ఆ అంగడిని నడిపింది. పేదరికం కారణంగా బిడ్డలను దత్తత సంస్థలకు అప్పగించడాన్ని రాష్ట్రప్రభుత్వం 2001లో నిషేధించింది.

ఈ ప్రమాదాన్ని సర్వోన్నత న్యాయస్థానం అంతకు చాలాకాలం ముందే గుర్తించింది. విదేశీ దత్తతలలో జరుగుతున్న అక్రమాలను వివరిస్తూ లక్ష్మీకాంత్ పాండే అనే న్యాయవాది వ్రాసిన లేఖనే న్యాయస్థానం పిటిషనుగా స్వీకరించింది. 1984 ఫిబ్రవరి 6న జస్టిస్ పి.ఎన్. భగవతి ఆ వ్యాజ్యంలో తీర్పు వెలువరించాడు. బిడ్డకు మొదటి చోటు కన్నవారి ఇల్లు. అది సాధ్యం కానప్పుడు స్వదేశంలోని కుటుంబం. అదికూడ దొరకనప్పుడే విదేశీ దత్తత. ఈ క్రమమే ఆ తీర్పుకు ప్రాణం. ఆ తీర్పు ఫలితంగా 1990లో కేంద్ర దత్తత వనరుల సంస్థ ఏర్పడింది. 1993లో హేగ్ నగరంలో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం కూడ ఇదే న్యాయాన్ని అంగీకరించింది. భారతదేశం ఆ ఒప్పందాన్ని 2003లో ధ్రువీకరించింది.

2015 నాటి బాలన్యాయ చట్టం ఈ సూత్రాలకు గట్టి పునాది వేసింది. కన్నవారు బిడ్డను అప్పగించినా, ఆలోచించుకొని తిరిగి తీసుకోవడానికి అరవై రోజుల గడువుంది. వదలివేసిన శిశువు దొరికితే, తల్లిదండ్రుల కోసం వెదికి, ఆ తరువాతనే దత్తతకు అర్హత ప్రకటిస్తారు. అర్హత పొందిన బిడ్డకు అరవై రోజులలో స్వదేశంలోగాని, ప్రవాస భారతీయులలోగాని కుటుంబం దొరకనప్పుడే విదేశీ దత్తతకు వీలవుతుంది. వైకల్యంగల పిల్లలకు, తోబుట్టువులకు, ఐదేళ్లు దాటినవారికి ఈ విషయంలో కొంత మినహాయింపు ఉంది. మన దంపతులు వెనుకాడే ఇటువంటి పిల్లలకు విదేశీ దత్తత నిజంగా కొత్త జీవితాన్నిస్తుంది. దత్తతను పూర్తిగా నిందించడం ఎంత తప్పో, గుడ్డిగా కొనియాడడం అంత తప్పు.

దత్తత జరగడంతో బాధ్యత ముగియదు. దేశాంతరం వెళ్లిన బిడ్డ స్థితిగతులను రెండేళ్లపాటు నివేదికల ద్వారా తెలుసుకొంటారు. పెద్దయిన తరువాత తన మూలాలు వెదకుకొనే హక్కును కూడ నేటి నిబంధనలు గుర్తించాయి. కర్ణునికి దక్కని న్యాయం ఇదే. అందుకు పత్రాలు నిజమైనవిగా ఉండాలి. ఒక దొంగ సంతకం ఒక బిడ్డ కథలోని మొదటి పుటను శాశ్వతంగా చింపివేస్తుంది.

మరి సామాన్యులు చేయగలిగిందేమిటి? తల్లిదండ్రులు లేని శిశువు కంటబడితే ఇంటికి తీసుకొనిపోయి పెంచుకోవడం జాలి అనిపించవచ్చు గాని, చట్టసమ్మతం కాదు. 1098 బాలల సహాయవాణికిగాని, పోలీసులకుగాని 24 గంటలలో తెలియజేయాలి. పేదతల్లి బిడ్డను వదులుకొనే పరిస్థితి ఇరుగుపొరుగులో కనిపిస్తే, ఆమెకు పని, వైద్యం, బిడ్డకు చదువు దొరికేలా తోడ్పడాలి. ఊయల ఒక ఇంటి నుండి మరొక ఇంటికి, ఒక దేశం నుండి మరొక దేశానికి కదలవచ్చు. కాని ఆ ఊయలను కదిలించే చేయి బిడ్డ మేలు కోరినదై ఉండాలి. ఊపే చేతిలో ప్రేమ ఒక్కటే చాలదు, న్యాయం కూడ ఉండాలి.

కఠిన పదాలకు అర్థాలు

పసికందు = అప్పుడే పుట్టిన శిశువు
వెరచి = భయపడి
లోకాపవాదం = లోకులు వేసే నింద
మనోవర్తి = పోషణకై ఇచ్చే సొమ్ము
ఆక్షేపించు = తప్పుపట్టు
చిరస్మరణీయం = ఎల్లకాలం తలచుకోదగినది
వ్యాజ్యం = న్యాయస్థానంలోని దావా
ఉల్లంఘన = అతిక్రమించడం
జడిసి = భయపడి

సంధులు

యుద్ధానంతరం = యుద్ధ + అనంతరం – సవర్ణదీర్ఘ సంధి
పరోపకారం = పర + ఉపకారం – గుణ సంధి
అత్యవసరం = అతి + అవసరం – యణాదేశ సంధి

సమాసాలు

తల్లిదండ్రులు = తల్లియును, తండ్రియును – ద్వంద్వ సమాసం
జన్మరహస్యం = జన్మ యొక్క రహస్యం – షష్ఠీ తత్పురుష సమాసం
అన్యాయం = న్యాయం కానిది – నఞ్ తత్పురుష సమాసం

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. 'బిడ్డకు ఇల్లు వెదకడమే దత్తత' అన్న భావాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.
2. కొరియా, వియత్నాం, ఆంధ్రప్రదేశ్ అనుభవాలలోని పోలికలను వివరించండి.

ఆ) సంక్షిప్త సమాధాన ప్రశ్నలు
1. బాలాచడి శిబిరం విశిష్టత ఏమిటి?
2. లక్ష్మీకాంత్ పాండే వ్యాజ్యంలోని తీర్పు సారాంశాన్ని తెలపండి.
3. మానవతా సహాయానికి, అంతర్జాతీయ దత్తతకు గల భేదమేమి?

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. 'సేవ్ ది చిల్డ్రన్' సంస్థను స్థాపించినది ఎవరు?
2. కర్ణునికి రాధేయుడనే పేరు ఎందుకు వచ్చింది?
3. హేగ్ ఒప్పందాన్ని భారతదేశం ఎప్పుడు ధ్రువీకరించింది?
4. బాలల సహాయవాణి సంఖ్య ఎంత?