నికాహ్ వేళ చేతి కానుక

పెళ్ళి పిలుపు అందిన ఇంట్లో సంతోషం కన్నా ముందు లెక్క మొదలవుతున్నది. "మన పెద్దమ్మాయి నికాహ్‌కు వాళ్ళు ఎంత రాయించారు?" అంటూ పాత పుస్తకం వెదుకుతారు. అందులో ఉన్న అంకెకు మరికొంత కలిపి కవరులో పెడతారు. కలపడానికి చేతిలో లేనివారు ఒంట్లో బాగాలేదనో, ఊళ్ళో లేమనో చెప్పి ఆగిపోతారు. సొంత మేనత్త, వరుసకు అన్న, గోడ పక్కన ఉండే పొరుగువారు కేవలం కవరు లేని కారణంగా వలీమాకు రాలేకపోవడం మనం చూస్తూనే ఉన్నాం. బంధుత్వాన్ని కలపడానికి ఏర్పడిన విందు బంధువును గడప దాటనివ్వకుండా చేస్తే, ఆ లోపం ఎక్కడుందో మనం వెదకాలి.

దైవప్రవక్త (సఅసం) కాలంలో పెళ్ళికి కానుక ఎలా వెళ్ళేదో చూడండి. హజ్రత్ అనస్ బిన్ మాలిక్ (రజి) చెప్పిన సంఘటన సహీహ్ బుఖారీ, సహీహ్ ముస్లిం రెండింటిలోనూ ఉంది. దైవప్రవక్త (సఅసం) కు హజ్రత్ జైనబ్ బిన్తె జహష్ (రజి) తో వివాహమైనప్పుడు, అనస్ గారి తల్లి ఉమ్మె సులైమ్ (రజి) తమ తరఫున ఏదైనా కానుక పంపాలనుకున్నారు. ఖర్జూరాలు, నెయ్యి, ఎండబెట్టిన పెరుగు ముద్దలు తీసుకుని కలిపి 'హైస్' అనే తీపి వంటకం చేశారు. మన తెలంగాణ పల్లెల్లో రొట్టెను నలిపి, బెల్లం, నెయ్యి కలిపి చేసే మలీదాను ఎరిగినవారికి హైస్ ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. ఆ పాత్రను కొడుకు చేతికిచ్చి, 'అమ్మ సలాం చెప్పిందనీ, మా నుంచి ఇది తమకు కొద్దిపాటి కానుక మాత్రమేననీ చెప్పు' అన్న అర్థంలో సందేశం పంపారు.

దైవప్రవక్త (సఅసం) ఆ పాత్రను పక్కన పెట్టించి, కొందరి పేర్లు చెప్పి వారినీ, దారిలో ఎదురైన ప్రతివారినీ పిలుచుకు రమ్మని అనస్ (రజి) ను పంపారు. ఇల్లు నిండిపోయింది. ఆయన హైస్‌పై చేయి ఉంచి, అల్లాహ్ తలచినంత పలికారు. తర్వాత పదేసి మందిని కూర్చోబెట్టి, అల్లాహ్ పేరు స్మరించి ఎవరి ముందున్నది వారు తినమన్నారు. ముస్లిం ఉల్లేఖనం ప్రకారం తిన్నవారు దాదాపు 300 మంది. చివర పాత్ర ఎత్తినప్పుడు, పెట్టినప్పటి కన్నా ఎక్కువగా ఉన్నదో ఏమో తనకు తెలియలేదని అనస్ (రజి) అంటారు.

ఇందులోని శుభం (బర్కత్) దైవప్రవక్త (సఅసం) కు ప్రత్యేకమైన మహిమ. అది మన వంటింట్లో జరగాలని ఎవరూ ఆశించరు. కాని ఉమ్మె సులైమ్ (రజి) చేసిన పని మాత్రం మనలో ఎవరైనా చేయగలిగినదే. ఆమె 'కొద్దిపాటిది' అని ముందే చెప్పారు. కొంచెం కదా అని సిగ్గుపడి ఆగలేదు, కొంచెమన్న సంగతిని కప్పిపుచ్చనూ లేదు. ఇంకొక విషయం. ఆ కానుక ఏ నవవధువు ఇంటికి వెళ్ళిందో ఆ జైనబ్ (రజి) కూడా చేతిపని చేసి, ఆ వచ్చినదానిని దానం చేసే మహిళ అని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పారు. చేతిపని విలువ ఎరిగిన ఇంటికే చేతి కానుక వెళ్ళిందన్నమాట.

ఉర్దూలో మనం రోజూ వాడే 'తుహ్‌ఫా' అన్న మాటకు మూలమైన క్రియ ఒక పెళ్ళి విందు హదీసులోనే కనిపిస్తుంది. అబూ ఉసైద్ సాఇదీ (రజి) తన వివాహానికి దైవప్రవక్త (సఅసం) ను, సహచరులను పిలిచారు. వంట చేసినదీ, వడ్డించినదీ కొత్త పెళ్ళికూతురు ఉమ్మె ఉసైదే. ఆమె ముందు రాత్రే ఒక రాతి పాత్రలో ఖర్జూరాలు నానబెట్టి ఉంచారు. భోజనం ముగిశాక వాటిని నీటిలో పిసికి, ఆ పానీయాన్ని దైవప్రవక్త (సఅసం) కు ప్రత్యేకంగా అందించారు. ఆ ప్రత్యేక మర్యాదను చెప్పడానికే ఉల్లేఖకులు 'తుహ్‌ఫా' ధాతువు నుండి వచ్చిన క్రియను వాడారు (బుఖారీ). వధువు వడ్డించడం పర్దా మర్యాదలకు లోబడి ఉండాలని వ్యాఖ్యాతలు వివరించారు. ఇక్కడ మనకు కావలసినది ఆ ముందు రాత్రి. అతిథి కోసం ఒకరు ముందు రోజే ఆలోచించి, చేతులారా సిద్ధం చేసి ఉంచారు. తుహ్‌ఫా అన్నది అదీ.

హిజ్రీ 7 (క్రీ.శ. 628) లో ఖైబర్ నుండి తిరిగి వస్తూ, హజ్రత్ సఫియ్యా (రజి) తో వివాహమైన సందర్భంలో జరిగిన వలీమా ఇంకా నిరాడంబరమైనది. తోలు పరుపు పరిపించి, ఎవరి దగ్గర ఏముంటే అది తెమ్మన్నారు. ఒకరు ఖర్జూరాలు, ఒకరు నెయ్యి తెచ్చారు. అన్నీ కలిపి హైస్ చేశారు. అదే వలీమా. వధువును ముస్తాబు చేసినది కూడా ఆ ఉమ్మె సులైమ్ (రజి) గారే.

హజ్రత్ ఫాతిమా (రజి) వివాహం గురించి ఇబ్నె మాజాలో ఒక ఉల్లేఖనం ఉంది. ఆయిషా, ఉమ్మె సలమా (రజి) కలిసి కొత్త ఇంట్లో మెత్తటి మట్టి పరచి, ఖర్జూరపు పీచును తమ చేతులతో చిక్కు తీసి రెండు దిండ్లలో నింపారనీ, బట్టలు, నీటితిత్తి వేలాడదీయడానికి ఒక కర్ర అమర్చారనీ అందులో ఉంది. దీని ఉల్లేఖన పరంపర బలహీనమైనదని హదీసువేత్తలు చెప్పారు కనుక దీనిపై మేము ఏ తీర్పూ ఆధారం చేయడం లేదు. ఫాతిమా (రజి) కు ఒక దుప్పటి, నీటితిత్తి, గడ్డి నింపిన దిండు ఇచ్చిన విషయం నసాయీలో వేరుగా ఉంది. ఈ దిండునూ తిత్తినీ చూపి నేటి మంచాలు, బీరువాలు, వాహనాల జహేజ్‌ను సమర్థించేవారున్నారు. అడిగి తీసుకున్నది కానుక కాదు. దాని గురించి ఇక్కడ ఇంతకు మించి చెప్పనవసరం లేదు.

ఇప్పుడు చదివింపుల పుస్తకం దగ్గరకు వద్దాం. పెళ్ళి పందిరిలో ఒకరు కూర్చుని ఎవరు ఎంత ఇచ్చారో రాయడం మన తెలుగు నేలపై అన్ని వర్గాలలోనూ ఉన్న ఆచారం. ఉత్తర భారత ముస్లింలలో దీనినే 'న్యోతా' అంటారు. మౌలానా అష్రఫ్ అలీ థానవీ (రహ్మ) 'ఇస్లాహుర్రుసూమ్'లో దీనిని గట్టిగా ఖండించారు. డమాస్కస్‌కు చెందిన హనఫీ విద్వాంసులు అల్లామా ఇబ్నె ఆబిదీన్ (రహ్మ, మరణం 1836) 'రద్దుల్ ముహ్‌తార్'లో, పెళ్ళిళ్ళకు జనం పంపేది అప్పు కిందికి వస్తుందా అన్న ప్రశ్నను ప్రస్తావించారు. దానికి జవాబు ఆ ఊరి ఆచారాన్ని బట్టి ఉంటుంది. బదులు ఆశించి ఇవ్వడమే అక్కడి వాడుక అయితే, తీసుకున్నవారు దానిని తీర్చవలసిందే. బదులు చూడకుండా ఇచ్చే వాడుక అయితే అది కానుక, కానుక నియమాలే దానికి వర్తిస్తాయి.

ఈ మాటను నిదానంగా ఆలోచించండి. మన పుస్తకంలో యాభై పేర్లు ఉన్నాయంటే, మన ఊరి వాడుక ప్రకారం యాభై అప్పులు ఉన్నట్లు. ఇంటి యజమాని మరణిస్తే ఆస్తి పంచుకునే ముందు అప్పులు తీర్చాలి. ఈ యాభై అప్పుల సంగతి ఎంతమంది వారసులు ఆలోచిస్తారు? పిలిచినవాడు తనకు తెలియకుండానే అప్పు తీసుకుంటున్నాడు, వచ్చినవాడు ఇష్టం లేకుండానే అప్పు ఇస్తున్నాడు. దివ్యఖుర్ఆన్ రూమ్ సూరా (30) 39వ ఆయతులో, ప్రజల సొమ్ములో కలిసి పెరగాలని ఇచ్చేది అల్లాహ్ వద్ద పెరగదన్న హెచ్చరిక ఉంది. ఎక్కువ తిరిగి రావాలని ఇచ్చే కానుకే దీని ఉద్దేశమని ఇబ్నె అబ్బాస్ (రజి), ముజాహిద్ (రహ్మ) మొదలైనవారు వివరించారు. అలాంటి కానుక నిషిద్ధమైన వడ్డీ కాకపోయినా, దానికి పుణ్యం మాత్రం లేదని కూడా చెప్పారు.

జాబితా రాయడమే తప్పని మేము అనడం లేదు. వరకట్న నిషేధ చట్టం (1961) కింద 1985లో వచ్చిన నిబంధనల ప్రకారం, వధూవరులకు వచ్చిన కానుకల జాబితా రాసి ఉంచాలి. అది అమ్మాయి సొత్తు అమ్మాయికే దక్కడానికి ఉపయోగపడే జాబితా. రేపు ఎవరికెంత తిరిగి ఇవ్వాలో చూసుకునే పుస్తకం వేరు.

చేతితో చేసిన కానుకకు ఉన్న గొప్ప సుగుణం ఇక్కడే ఉంది. దాని పక్కన అంకె వేయలేరు. పాత నూలు చీరల పొరలు పరచి నాయనమ్మ కుట్టిన బొంతకు ఎంతని రాస్తారు? అది తిరిగి ఇవ్వాల్సిన సొమ్ముగా ఎవరి మనసులోనూ మిగలదు. ఇచ్చేవారు లేమి వల్ల తల వంచుకోనక్కరలేదు, తీసుకున్నవారు బాకీ పడరు.

ఏమి చేయవచ్చునని సోదరీమణులు అడుగుతుంటారు. కొత్త ఇంట్లో రోజూ చేతికి వచ్చేది చేయండి. అంచు కుట్టిన దస్తర్‌ఖాన్ అన్నిటికన్నా మంచిదని మా అభిప్రాయం. కొత్త దంపతులు రోజూ దాని చుట్టూ కూర్చుంటారు. రెండు మీటర్ల ముతక నూలు గుడ్డ, ఉతికినా రంగు పోని దారం ఉంటే చాలు. గుడ్డను ముందే ఒకసారి తడిపి ఆరబెట్టకపోతే తర్వాత కుంచించుకుపోయి కుట్టు ముడుచుకుంటుంది. అన్నం తినే గుడ్డ కనుక దానిపై అల్లాహ్ పేరు గాని, ఆయతు గాని కుట్టకండి. తీగలు, పూలు చాలు. ఖుర్ఆన్ ప్రతికి కుట్టే జుజ్‌దాన్, అల్లిన టోపీ, జానమాజ్ కూడా అంతే. జానమాజ్ మీద మరీ మెరుపులు వద్దు, నమాజు చేసేవారి దృష్టి అటు పోతుంది. వడ్రంగం తెలిసిన తమ్ముడు ఒక రహల్ చేసి ఇస్తే అది మనవల దాకా ఉంటుంది. ఊరగాయ జాడీ పంపేవారు ఎప్పుడు పెట్టారో, ఏమేమి వేశారో చీటీ రాసి అంటించండి.

గోరింటాకు విషయంలో ఒక హెచ్చరిక. పెరటి ఆకు రుబ్బి అక్కాచెల్లెళ్ళు పెట్టే గోరింటాకు పెళ్ళికూతురికి చక్కటి చేతి కానుక. అది ఎర్రగానే పండుతుంది. 'నల్ల మెహందీ' పేరుతో అమ్మే కోన్లలో జుట్టు రంగులో వాడే పీపీడీ అనే రసాయనం కలిసి ఉండవచ్చు. దానివల్ల చర్మం బొబ్బలెక్కిన సందర్భాలు ఉన్నాయి. వధువు చేతి మీద అలాంటి ప్రయోగం వద్దు.

పెళ్ళివారు అతిథులకు చేయగలిగినవీ ఉన్నాయి. నికాహ్ అయ్యాక పంచే ఖర్జూరాల పొట్లాలు ఇంట్లో పిల్లలతోనే కట్టించవచ్చు. ముఖ్యమైన పెద్దలకు దావత్‌నామా చేత్తో రాసి పంపితే అచ్చు కార్డు కన్నా ఎక్కువ గౌరవం. కార్డుల మీద ఆయతులు అచ్చు వేయించకపోవడమే మేలు. అవి వారం తిరగకుండా ఎక్కడ పడి ఉంటాయో అందరికీ తెలుసు.

అయితే చేతిపని కూడా పోటీగా మారవచ్చు. హైదరాబాదు సాంచఖ్‌లో తళ్ళాలు ఒకప్పుడు ఇంటివాళ్ళే సర్దేవారు. నేడు వాటి అలంకరణకు వేరే మనుషులు, వేరే ఖర్చు. పెట్టె ఖరీదు లోపలి వస్తువును మించిపోతున్నది. మరోవైపు, చేత్తో చేసిన కానుక వస్తే "కొనే స్తోమత లేదు కాబోలు" అని పెదవి విరిచే అత్తగార్లూ ఉన్నారు. పొరుగింటి మహిళ పంపినది మేక డెక్క అయినా సరే చిన్నచూపు చూడవద్దని దైవప్రవక్త (సఅసం) ప్రత్యేకించి ముస్లిం మహిళలను ఉద్దేశించి చెప్పారు (బుఖారీ, ముస్లిం). ఇలాంటి మాటలు వంటింట్లో ఎక్కువగా వినిపిస్తాయి గనుకనేమో.

అందుకున్న కానుకకు బదులు అసలే ఇవ్వకూడదా అంటే, ఇవ్వడం సున్నతే. దైవప్రవక్త (సఅసం) కానుక స్వీకరించేవారు, దానికి ప్రతిగా ఇచ్చేవారు కూడా అని ఆయిషా (రజి) చెప్పారు (బుఖారీ). అది మనసుకు తోచినప్పుడు, తోచినంత. అదీ వీలుకాకపోతే ఇచ్చినవారి కోసం దుఆ చేయమని అబూ దావూద్‌లోని హదీసు. ఇచ్చినవాడు మాత్రం దానికోసం ఎదురుచూడకూడదు.

ఇంటి వంటకం పంపేవారికి వచ్చే సందేహం ఒకటి మిగిలింది. గిన్నె సంగతేమిటి? మన ఫుఖహా దీనినీ వదల్లేదు. 'దుర్రె ముఖ్తార్'లో ఉన్నదేమిటంటే, సరీద్ వంటి, అంటే పులుసులో నానిన రొట్టె వంటి, వేరే పాత్రలోకి మారిస్తే రుచి చెడిపోయే వంటకమైతే పంపినవారి గిన్నెలోనే తినవచ్చు. అలాంటిది కాకపోతే, ఇరువురి మధ్య చనువు ఉంటేనే తినాలి. లేకుంటే వేరే పాత్రలోకి తీసుకోవాలి. గిన్నె తిరిగి ఇచ్చే వాడుక ఉన్నచోట కడిగి తిరిగి పంపాలి, అది కానుకలో భాగం కాదు.