అక్షరములు తీర్చిన చిత్రకారుడు: జేమ్స్ మెక్‌డొనాల్డ్

కెనడా చిత్రకారులలో “ఏడుగురి బృందము” పేరు ఇచ్చటి బడిపిల్లలకు సైతము తెలిసినదే. 1920లో ఏర్పడిన ఆ బృందమున వయసుచే పెద్దవాడు జేమ్స్ మెక్‌డొనాల్డ్. అతడు చిరకాలము ప్రకటనలకు బొమ్మలు గీసి, అక్షరములు తీర్చి కుటుంబమును పోషించెనను సంగతి మాత్రము అంతగా తెలియదు.

అతడు 1873లో ఇంగ్లండులోని డర్హమ్‌లో జన్మించెను. 1887లో తల్లిదండ్రులతో కెనడాకు వచ్చి హామిల్టన్ పట్టణమున దిగెను. ఆ కాలముననే మన పెద్దలు నాటాలునకు ఓడలెక్కుచుండిరి. వారి మెడకు ఐదేండ్ల ఒప్పందము తగులుకొని యుండెను. ఈ బాలునకు అట్టి బంధము లేదు. అయినను చిన్ననాడే పనిలో చేరి, రాత్రి తరగతులలో చిత్రలేఖనము నేర్చుకొనెను. పిదప టొరంటోలోని గ్రిప్ కంపెనీలో ప్రధాన రూపశిల్పియయ్యెను. టామ్ థామ్సన్ అచ్చట అతని చేతి క్రింద పనిచేసినవాడే.

1911లో మెక్‌డొనాల్డ్ ఆ ఉద్యోగమును విడిచెను. ఇల్లాలు, చిన్న కుమారుడు గలవానికి అది తేలిక నిర్ణయము కాదు. 1916లో తన పెరటిలోని వాలిన ప్రొద్దుతిరుగుడు పూలను “చిక్కుపడిన తోట” అను పెద్ద పటముగా చిత్రింపగా విమర్శకులు ఆ రంగులను ఎగతాళి చేసిరి. అతడు పత్రికలోనే బదులు వ్రాసెను. ఆ పటము నేడు జాతీయ చిత్రశాలలో నున్నది.

1923లో టొరంటోలోని సెయింట్ ఆన్ దేవాలయపు లోపలి అలంకరణ అతని కప్పగింపబడెను. పదిమంది కళాకారులు చిత్రములు వేసిరి. పది చేతుల పని ఒక్క చేతి పనివలె కానవచ్చుటకు రంగులను, అంచులను ముందే నిర్ణయించువాడు కావలెను. ఆలయమునకు బొమ్మలు వేయించిన పెద్దలకు ఈ కష్టము తెలియును. కార్ఖానాలో అలవడిన క్రమశిక్షణ అచ్చట అక్కరకు వచ్చెను. తరువాత అతడు ఒంటారియో కళాశాలకు అధిపతియై, 1932లో మరణించెను.

2024 జూన్ 9వ తేదీ ఆదివారము ఉదయము అగ్నిప్రమాదమున ఆ దేవాలయము కాలిపోయెను. నూరేండ్ల చిత్రములు చాలవరకు నశించెను.

1917లో థామ్సన్ కెనూ సరస్సున మరణించినప్పుడు, మిత్రులు ఒడ్డున రాళ్లు పేర్చి స్మారకము కట్టిరి. దానిపై నున్న లోహపు ఫలకమునకు అక్షరములు తీర్చినవాడు మెక్‌డొనాల్డే. పడవలో వెళ్లువారు ఇప్పటికిని వాటిని చదువుచున్నారు.